అత్త మడిలో పల్టీ నాగలి

మొన్న మృగశిర కార్తెలో రెండు వానలు పడ్డాయో లేదో, కరీంనగర్ శివార్లలో ఇల్లు కట్టుకున్న మా అమ్మాయికి ఇంటి వెనుక ఖాళీగా ఉన్న రెండు గుంటల జాగాలో కూరగాయలు పెట్టాలని మనసు పుట్టి, ఎవరి దగ్గరో నంబరు తీసుకుని ఒక ట్రాక్టరును పిలిపించింది. నన్నూ రమ్మంది, దున్నేది చూడడానికి కాదు, వంకాయ నారు ఎక్కడ మంచిది దొరుకుతుందో చెప్పడానికి. నేను వెళ్లేసరికి ట్రాక్టరు గేటు దాటి లోపలికి వచ్చేసింది, వెనుక రోటవేటర్ తగిలించి ఉంది, డ్రైవరు ఫోన్‌ను చెవికీ భుజానికీ నడుమ ఇరికించుకుని ఎవరితోనో మాట్లాడుతూనే దాన్ని కిందికి దించబోతున్నాడు. నాకు ఎక్కడ లేని కోపం వచ్చి, డెబ్బై దాటిన మనిషినన్న సంగతి కూడా మరిచి, బండికి అడ్డంగా వెళ్లి చెయ్యి ఎత్తాను.

అతను మర్యాదస్తుడే, ఫోన్ తీసి జేబులో పెట్టుకుని ఏమైందని అడిగాడు. కింద ఏముందో చూశావా అని అడిగాను. "కింద ఏముంటది తాతా, మట్టే ఉంటది" అన్నాడు, చిన్నపిల్లలకు చెప్పినట్టు. నేను అమ్మాయిని గడ్డపార అడిగి తెప్పించుకుని మూడు చోట్ల తవ్వి చూపించాను. జానెడు లోతుకు వెళ్లేసరికి మూడు చోట్లా ఇల్లు కట్టినప్పటి ఇటుక ముక్కలు, గడ్డకట్టిన సిమెంటు, ఒక చోటైతే వంకర తిరిగిన ఇనుప చువ్వ. డ్రైవరు సీటు దిగి వచ్చి చూసి, తన రోటవేటర్ బ్లేడ్లను తలచుకుని కాబోలు, నాకు దండం పెట్టినంత పని చేశాడు. ఆ చెత్త ఏరించాక మర్నాడు ఐదు ఇనుప కొర్రులతో పైమట్టిని గీసే ఐదు చెక్కల నాగలి పెట్టుకుని వచ్చి, చెప్పిన లోతుకు, చెప్పినన్ని సాళ్లే దున్ని పోయాడు.

అల్లుడు ఆఫీసు నుంచి వచ్చాక మా అమ్మాయి ఈ సంగతి గొప్పగా చెప్పింది. ముప్పై ఏళ్లు ట్రాక్టరు నడిపిన మనిషి కదా, అనుభవం ఎక్కడికి పోతుంది అని అల్లుడు కూడా అన్నాడు. నేను కాదనలేదు. నిజానికి జమ్మికుంట చుట్టుపక్కల ఏ భూమికి ఏ నాగలి పెట్టాలో నాకంటే బాగా తెలిసిన డ్రైవరు ఆ రోజుల్లో లేడు, ఇది నా గొప్ప కాదు, ఎవరిని అడిగినా ఆ మాటే చెప్పేవారు. కాకపోతే దున్నేముందు గుంత తవ్వి చూసే ఈ అలవాటు నాకు అనుభవంతో వచ్చిందని అందరూ అనుకుంటారు, అది మాత్రం సరి కాదు. మా మేనత్తకు నేను చేసిన ఒక అన్యాయం వల్ల వచ్చింది. ఇన్నేళ్లలో ఎవరికీ పూర్తిగా చెప్పలేదు, మన ఈడు వాళ్లు చదువుతారు కదా అని ఇప్పుడు రాస్తున్నాను.

పదో తరగతి రెండోసారి కూడా లెక్కల దగ్గరే ఆగిపోయాక, ఊళ్లో నేను ఊరికే తిరగడం చూడలేక బాపు నన్ను బోథ్ దగ్గర ఉండే మా మేనమామ ఇంటికి పంపాడు. మేనమామ అక్కడ ఒక పెద్ద ఆసామి దగ్గర సేద్యం పనులన్నీ చూసేవాడు. ఆ ఆసామి తెల్లటోపీ పెట్టుకునే పొడుగాటి మనిషి, తెలుగులో మొదలుపెట్టిన మాటను మరాఠీలో ముగించేవాడు, ఆ చుట్టుపక్కల పల్లెల్లో మొదట ట్రాక్టరు కొన్నది ఆయనే. లెక్కలు రాని నా బుర్రకు ఆ ఇంజను మాత్రం ఎందుకో చెప్పకముందే అర్థమైంది. ఏడాది తిరిగేసరికి నేను డ్రైవరును, రెండేళ్లకు ఆయన నన్ను తప్ప ఇంకొకరిని సీటు మీద కూర్చోనిచ్చేవాడు కాదు.

బోథ్ వైపు నల్లరేగడి భూములు మీలో చూసినవాళ్లుంటే తెలుస్తుంది, మనిషి లోతు తవ్వినా ఒకటే నలుపు. పత్తి ఏరడం అయిపోయి కట్టె పీకేశాక, ఎండాకాలం ఎండిన ఆ భూమి నెర్రెలు బారి, అందులో కాలు పెడితే మోకాలి దాకా దిగేది. అలాంటి భూమికి ఐదు చెక్కలదీ తొమ్మిది చెక్కలదీ గోకినట్టే ఉంటుంది, దానికి కావలసింది పల్టీ నాగలి. రెండు పెద్ద ఇనుప రెక్కలుండి, అడుగు లోతు మట్టిని తవ్వి తీసి బోర్లా పడేసే నాగలిని అక్కడ అందరూ పల్టీ అంటారు. దానితో దున్నితే దూడలంతేసి పెడ్డలు లేచేవి, గరిక వేళ్లూ తుంగ గడ్డలూ ఆకాశానికి తేలి రోహిణి ఎండలకు మాడిపోయేవి, తొలకరికి ఆ పెడ్డలే కరిగి మెత్తని పిండి అయ్యేవి. నాలుగేళ్లు ఆ పని చేశాక, లోతు ఎక్కువైతే దున్నడం గొప్పదవుతుందనే ఒక నమ్మకం నా ఒంట్లోకి ఇంకిపోయింది. దాన్ని మించిన విద్య లేదనుకున్నాను.

ఆ తరువాత బాపూ చిన్నాయినా మరో ఇద్దరు దాయాదులు, మా పాలోళ్లూ కలిసి ఒక పాత ట్రాక్టరు కొని, నడపడానికి మన పిల్లవాడు ఉండగా పరాయివాళ్లెందుకని నన్ను వెనక్కి పిలిపించారు. జమ్మికుంటకు నాలుగు కోసుల దూరంలో ఉన్న మా ఊరికి అదే మొదటి ట్రాక్టరు. ఐదు చెక్కల నాగలి దానితోనే వచ్చింది, కానీ నేను ఊరుకుంటానా, ఆసామిని బతిమాలి ఆయన వాడి పక్కన పెట్టిన పాత పల్టీ ఒకటి తీసుకుని, పత్తి లారీ మీద వేయించుకుని మరీ తెచ్చాను. దాన్ని ఊరి చావడి, కచ్చీరు ముందర దించిన రోజు ఊరు ఊరంతా వచ్చి చూసింది. పెండ్లికూతురిని చూసినట్టు చూశారని మా అవ్వ, అంటే అమ్మ, చాలా ఏళ్లు చెప్పి నవ్వేది. ఇరవై మూడేళ్ల వయసులో అంతమంది తన చుట్టూ నిలబడితే ఏ మనిషికైనా నేల కనబడదు.

ఇక మా అత్త సంగతి చెప్పాలి. బాపుకు పెద్దక్క, పెళ్లయిన ఆరేళ్లకే మామయ్య కాలం చేస్తే పిల్లాజెల్లా లేక పుట్టింటికి తిరిగి వచ్చింది. తమ్ముని ఇంట్లో తిని కూర్చోవడం ఆమెకు మొదటినుంచీ గిట్టదు, నాకు ఇంత భూమి చూపించు, నా గంజి నేను కాచుకుంటానని అడిగితే, బాపు బాయి పక్కన తంగేడు తప్ప ఏమీ మొలవని పది గుంటల ఎర్రచెలక, పావెకరం, చూపించాడట. మా వైపు చెలకల సంగతి మీకు తెలిసిందే, పైన నాలుగు వేళ్ల మందం ఎర్రమట్టి, దాని కింద మొరం, ఇంకా కిందికి వెళితే తెల్లటి సుద్ద. అత్త ఆ పది గుంటలకు గట్టు పోసి, ప్రతి ఎండాకాలం చెరువు ఎండగానే ఆ ఒండ్రుమట్టి తట్టలకెత్తి నెత్తిన మోసుకొచ్చి పోసింది, పశువుల కొట్టంలోని పెంట పోసింది, పొయ్యిలోని బూడిద పోసింది, రాలిన ఆకు కూడా వదలకుండా పోసింది. పన్నెండేళ్లు. ఎర్రటి చెలకల నడుమ ఆ ఒక్క మడి నల్లగా, చెయ్యి పెడితే మణికట్టు దాకా దిగేటంత మెత్తగా తయారైంది.

ఆ మడిలో వంకాయ, మిరప, చిక్కుడు, కొత్తిమీర పండించి, గంప నెత్తిన పెట్టుకుని జమ్మికుంట పోయేది. పత్తి మార్కెట్ యార్డు గేటు ముందర ఆమెకు ఒక జాగా ఉండేది, పత్తి బండ్లతో వచ్చి రాత్రింబవళ్లు పడిగాపులు పడే రైతులు అక్కడే వండుకునేవారు కాబట్టి ఆమె గంప పొద్దెక్కేలోపే ఖాళీ అయ్యేది. బాపు ముందర ఆమె గొంతు ఎప్పుడూ తగ్గలేదు, పండుగకు మాకు బట్టలు పెట్టేది కూడా ఆమే. తనది అని చెప్పుకోవడానికి అత్తకు ఈ లోకంలో ఉన్నది ఆ మట్టి ఒక్కటే, ఆ సంగతి తెలిసి కూడా నేను దాని మీదికి ట్రాక్టరు తోలాను.

నేను తిరిగి వచ్చిన ఆ ఎండాకాలం మడి నిండా తుంగ కమ్మింది. ఎంత పీకినా గడ్డ కింద మిగిలి మళ్లీ మొలిచేది, నడుములు పడిపోయి అత్త నా దగ్గరికి వచ్చింది. "జర పైపైన గీసిపెట్టురా అల్లుడా, ఆ చెక్కల నాగలితోని, నాలుగు వేళ్ల లోతు చాలు" అంది. తుంగ సంగతి నీకేం తెలుసు అత్తా, పైపైన గీస్తే ఒకటి పది అవుతుంది, దాని గడ్డను బోర్లించి ఎండకు పెట్టాలి, పల్టీ పెడితే జన్మలో మళ్లీ తుంగ మొఖం చూడవు అని నేను ఉపన్యాసం ఇచ్చాను. అత్తకు మనసు ఒప్పలేదని ఇప్పుడు తెలుస్తుంది కానీ, నాలుగేళ్లు పరాయి ఊళ్లో విద్య నేర్చుకుని వచ్చిన మేనల్లుడి మాట కాదనడానికి ఆమెకు ముఖం చెల్లలేదు. "నీకు ఎర్కే గద" అని చెప్పి, మర్నాడు పొద్దున్నే గంపతో జమ్మికుంట పోయింది.

ఆమె అటు వెళ్లిందో లేదో నేను పల్టీ తగిలించుకుని మడిలోకి దిగాను. గట్టు మీద పాతిక మంది చేరారు. బాపు కూడా తువ్వాల తలకు చుట్టుకుని వాళ్ల నడుమ నిలబడ్డాడు, ఆ మట్టి మందం ఎంతో ఆయనకు తెలుసు, అయినా ఎవరో అడిగితే దున్నేవానికి తెల్వదా అన్నాడట. మొదటి సాలు నల్లగా, నిగనిగలాడుతూ లేచింది, అందరూ ఆహా అన్నారు. మీట ఇంకొంచెం దించాను. రెండో సాలు సగానికి వచ్చేసరికి నలుపు వెనుక పసుపు రంగు కనబడింది, మూడో సాలు నడుమకు వచ్చేసరికి రెక్క మీదుగా గలగలమని మొరం రాలుతున్న శబ్దం ఇంజను చప్పుడులో కూడా వినబడింది. నేను బండి ఆపాను. వెనక్కి తిరిగి చూశాను. నల్లటి మట్టి అడుగున పడి, దాని మీద మొరమూ సుద్దా బోర్లపడి ఉన్నాయి.

ఇక్కడే నేను రాయడానికి వెనకాడుతున్న మాట ఉంది. నాకు అర్థమైంది. బోథ్ భూమి వేరు, ఈ భూమి వేరు అని ఆ క్షణంలోనే తెలిసిపోయింది. పల్టీ విప్పేసి చెక్కల నాగలి తగిలించుకుంటే మూడు సాళ్లతో పోయేది. కానీ గట్టు మీద పాతిక మంది, అందులో బాపు, దిగి నాగలి మార్చితే బోథ్ డ్రైవరుకు చేతగాలేదని ఊరంతా నవ్వుతారు. మళ్లీ గేరు వేశాను. పది గుంటలూ, గట్టు నుంచి గట్టు దాకా, ఎక్కడా ఆగకుండా దున్నేశాను. చివరికి వచ్చేసరికి గట్టు మీద మాటలు ఆగిపోయాయి, ఒక్కొక్కరూ పని ఉందని జారుకున్నారు, బాపు మాత్రం నిలబడే ఉన్నాడు.

మధ్యాహ్నం అత్త ఖాళీ గంపతో నేరుగా మడి దగ్గరికే వచ్చింది. సున్నం చల్లినట్టు తెల్లబడిన ఆ నేలను చూసి గంప కింద పెట్టి, చీర కుచ్చిళ్లు దోపుకుని లోపలికి నడిచింది, అక్కడక్కడా వంగి పెడ్డలు ముట్టుకుంది, మూడో సాలు దగ్గర చాలాసేపు నిలబడింది. తిడుతుందనుకున్నాను, తిట్టలేదు. నా వైపు తిరిగి, వస్తువు ఎక్కడ పెట్టావని అడిగినట్టు, "నా మట్టి ఏది అల్లుడా?" అంది.

ఆ ఏడు ఆమె పెట్టిన మిరప నారు పసుపుబారి చనిపోయింది, వంకాయ మోకాలెత్తు పెరిగి పూత లేకుండా నిలబడింది, తుంగ మాత్రం నేను మాట ఇచ్చినట్టే కనబడకుండా పోయింది. అత్త ఆ ఏడు పరాయివాళ్ల చేలల్లో పత్తి ఏరడానికి పోయింది. యార్డు గేటు ముందర ఆమె జాగాలో వేరే ఎవరో కూర్చున్నారు. మా ఇంట్లో తినమని అవ్వ ఎంత బతిమాలినా, తన గంజి తాను కాచుకునే రోజులింకా పోలేదనేది. బాపు నెల రోజులు నేను లేవకముందే ఇంటి నుంచి వెళ్లిపోయేవాడు, నా మీద కోపమో, గట్టు మీద తాను ఊరుకున్నందుకు తన మీద తనకు కోపమో నేను అడగలేదు. ఊళ్లోవాళ్లు నాకు పల్టీ అని పేరు పెట్టారు, బండి ఎటు పోయినా పల్టీ వస్తుండు, మట్టి దాచిపెట్టుకోండి అని ఆడవాళ్లు కూడా నవ్వేవారు. ఏ నవ్వుకు భయపడి ఆగకుండా దున్నానో ఆ నవ్వు నాకు తప్పలేదు.

మట్టి ఎక్కడికీ పోలేదు కదా, అడుగునే ఉంది కదా, మళ్లీ పల్టీ పెట్టి ఇంకోసారి బోర్లిస్తే పైకి వస్తుందని నాకు ఒక ఆలోచన వచ్చింది. ఈసారి మాత్రం ఎవరినైనా అడగాలనే బుద్ధి పుట్టి, కరీంనగర్‌లో ఒక బస్సు, నిర్మల్‌లో ఒక బస్సు మారి, బోథ్ పోయి ఆసామి ముందర నిలబడ్డాను. అంతా విని ఆయన నవ్వాడు, కానీ ఆ నవ్వులో నా మీద జాలి కూడా ఉంది. "అరే, భాకర్ అనుకున్నవా తిప్పనీకి? కాలిన రొట్టె తిప్పితే మల్ల పిండి అయితదా?" అన్నాడు. జొన్నరొట్టెను అక్కడివాళ్లు భాకర్ అంటారు. రెండోసారి బోర్లిస్తే పైకి రావడం కాదు, ఉన్న నలుపు కూడా మొరంలో కలిసిపోయి మిగలదని చెప్పాడు. మట్టి తెచ్చి పోయడం తప్ప దుస్రా రస్తా లేదన్నాడు. నేను లేచి వచ్చేస్తుంటే, "నీకు నాగలి నేర్పిన గని భూమి నేర్పలే, నా భూమి నాకు ఎర్క, మీ భూమి నాకేం ఎర్క" అన్నాడు. దున్నబోయే ముందు తవ్వి చూడమని ఆయన ప్రత్యేకంగా చెప్పలేదు, ఆ ఒక్క మాటలోనే అది ఉంది.

మరుసటి ఎండాకాలం చెరువు ఎండగానే ట్రాలీ తగిలించుకుని ఒండ్రుమట్టి తోలడం మొదలుపెట్టాను. మొదటి ట్రాలీ పట్టుకుని మడి దగ్గరికి పోతే అత్త గట్టు మీద అడ్డం నిలబడింది. "గెట్టు కాడ పొయ్యి, బండి లోపటికి రావద్దు" అంది. బయటే పోశాను. ఆ కుప్పను ఆమె తట్టలకెత్తుకుని ఒక్కతే మడి నిండా పరచుకుంది, నేను తట్ట పట్టబోతే వద్దంది. వానలు పడగానే జనుము చల్లింది, పూతకు వచ్చాక దాన్ని కలియదున్నడానికి పక్క ఊరి నుంచి ఎడ్లను మాట్లాడుకుంది. సొంత మేనల్లుని దగ్గర ట్రాక్టరు పెట్టుకుని ఆమె ఎడ్లను కిరాయికి తెచ్చుకుంది. రెండో ఏడూ అదే తీరు, కాకపోతే ఒక రోజు ఒక ఖాళీ తట్ట నా ముందర పెట్టింది, నేను మట్టి నింపి నెత్తికెత్తుకున్నాను. ఆ రోజు ఇంటికి పోయి అవ్వతో చెప్పుకుని మురిసిపోయాను. మెడ రెండు రోజులు తిరగలేదు, అప్పుడు తెలిసింది పన్నెండేళ్ల మోత అంటే ఏమిటో.

ఈలోపు నా పనిలో కూడా తేడా వచ్చింది. ఎవరు దున్నమని పిలిచినా ముందు రోజే గడ్డపార పట్టుకుని పోయి నాలుగు మూలలా, నడుమ ఒక చోట తవ్వి, జానతో కొలిచి, ఐదు చెక్కలదా తొమ్మిది చెక్కలదా, ఎంత లోతు అని ఆలోచించుకుని మరీ దిగేవాణ్ణి. మొదట్లో నవ్వినవాళ్లే, పంట చూశాక, ఆ గుంతలు తవ్వే డ్రైవరే కావాలని పట్టుబట్టేవారు. పక్క ఊళ్లలో రెండు మూడు ట్రాక్టర్లు వచ్చినా నా బండికి తీరిక ఉండేది కాదు. నాకు నా పని మీద ధైర్యం వచ్చింది అప్పుడే, బోథ్ నుంచి వచ్చినప్పుడు నా దగ్గర ఉన్నది పొగరు మాత్రమే.

మూడో ఎండాకాలం చివర, ఆఖరి తట్ట పరిచి ఇద్దరం బాయి గడ్డ మీద కూర్చున్నాం. మడి మళ్లీ నల్లబడింది, ముందున్నంత కాదు కానీ నారు పట్టేంత. నా కడుపులో మూడేళ్లుగా ఉన్న మాట ఆ రోజు ఎందుకో ఆగలేదు. ఆ రోజు మూడో సాలుకే నాకు కనబడింది అత్తా, తెలిసి కూడా ఆపలేదు, గట్టు మీద మంది నవ్వుతారని ఆపలేదు అని చెప్పేశాను. అత్త నా వైపు చూడలేదు, కొంగుతో ముఖం తుడుచుకుంది.

"నాకు ఎర్కే" అంది. "మూడో సాలు నడుమ బండి ఆగిన జాగ ఉండె. టైరు దిగబడ్డది, సాలు తెగింది. ఆగి సూసి మల్ల పోయినవని గప్పుడే తెలిసింది. తెల్వక చేసి ఉంటే తెల్లారే నిన్ను మడిలకు రానిద్దును."

మూడేళ్లు నా బండిని గట్టు దాటనివ్వనిది నా తెలివితక్కువతనానికి కాదని, తెలిసీ చేసి దాచినందుకని అప్పుడు అర్థమై నాకు ఏడుపు వచ్చింది, దాచుకోలేదు. అత్త లేస్తూ లేస్తూ, రేపు పొద్దుగాల బండి పట్టుకురా, ఏ నాగలి పెట్టాల్నో నువ్వే చూడు అంది.

ఆ రాత్రి నిద్ర పట్టిందో లేదో గుర్తు లేదు, తెల్లవారగానే మాత్రం గడ్డపార పట్టుకుని పోయి మడిలో తవ్వి చూశాను. కొత్తగా పోసిన మట్టి ఇంకా అణగలేదు, పొంగిన పిండిలా ఉంది, దాని మీదికి అంత బరువున్న బండి ఎక్కితే టైరు కింద గట్టిపడి మళ్లీ రెండేళ్లు వెనక్కి పోతుంది. అత్త వచ్చేసరికి నేను గట్టు మీద ఒట్టి చేతులతో నిలబడ్డాను. ఈ ఏడు నా బండి వద్దత్తా, ఏ నాగలీ వద్దు, ఎడ్లతో ఒక్కసారి పైపైన గుంటుక తోలితే చాలు అన్నాను. మూడేళ్లు ఆ మడిలో ట్రాక్టరు దించే రోజు కోసం ఎదురుచూసినవాణ్ణి, ఆ మాట అనడానికి నాకు ఏమాత్రం కష్టం కలగలేదు. అత్త నన్ను కింది నుంచి పైదాకా చూసింది. "గిప్పుడైనవురా డ్రైవర్‌వు" అంది. ఆ ఏడు దీపావళి దాటాక ఆమె గంప మళ్లీ యార్డు గేటు ముందర దిగింది, ఆమె జాగాలో కూర్చున్నవాళ్లు లేచి పక్కకు జరిగారని చెప్పి సంబరపడింది.

ఆ తరువాత ఇరవై ఏళ్ల పాటు, ఆమె బతికి ఉన్నన్నాళ్లూ, ఆ మడికి ఏ నాగలి పెట్టాలో నన్నే అడిగింది. నేను తవ్వి చూసి చెప్పేవాణ్ణి, ఆమె తన చెయ్యి మణికట్టు దాకా దించి చూసుకుని సరేననేది. అత్త పోయాక ఆ పది గుంటలు మా తమ్ముని వాటాకు వచ్చాయి, తమ్ముని కొడుకు అందులో ఇప్పుడు పందిరి వేసి కాకర, బీర పెడుతున్నాడు, మంచి కష్టజీవి. కిందటేడు నేను పోయినప్పుడు ట్రాక్టరు వచ్చి గట్టు మీద ఆగి ఉంది, గంటకు ఇంత అని మాట్లాడుకున్న బండి కాబట్టి వాడు తొందరలో ఉన్నాడు. నడుస్తూ నడుస్తూ, మన చెలకలన్నిట్లో ఈ ఒక్క తునుక మొదటి సంది మంచి భూమే గదా పెద్దబాపూ అన్నాడు.

చెప్పాలని నోరు తెరిచాను. అది పుట్టుకతో వచ్చిన మంచి కాదు, ఒక మనిషి పన్నెండేళ్లు మోసి తెచ్చింది, ఇంకొకడు ఒక్క పూటలో బోర్లించింది, ఇద్దరూ కలిసి మూడేళ్లు మళ్లీ మోసింది అని చెప్పాలంటే చాలాసేపు పడుతుంది, గట్టు మీద ఇంజను ఆడుతూనే ఉంది. ఇప్పుడు మా ఊళ్లో నలభైకి పైగా ట్రాక్టర్లున్నాయి, గుంటుక తోలడానికి ఒక్క జత ఎడ్లు లేవు, డ్రైవర్లు నా కంటే ఎంతో చురుకైనవాళ్లు, మేము రెండు రోజుల్లో చేసింది గంటలో చేసి వెళ్తారు, ఆ గంటలో ఎవరి మట్టి ఎక్కడి నుంచి వచ్చిందో అడిగే సందు లేదు. ఆ మడిని మొదటి నుంచీ మంచి భూమి అన్నందుకు అత్త అక్కడే ఉంటే నవ్వేది, నాకు మాత్రం ఎవరో ఆమె పేరు తుడిచేసినట్టు అనిపించి, చెప్పులు గట్టు మీద విడిచి, దున్నకముందే ఒకసారి ఆ మట్టిలో ఈ చివర నుంచి ఆ చివర దాకా నడిచి వచ్చాను.